పదకొండు మందిని ఏ ఇల్లూ ఒంటరిగా పెంచలేదు: గుంటూరు, విజయవాడ వర్తకులకు బహిరంగ లేఖ

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీల యజమానులకు, విజయవాడ ఆటోనగర్ షెడ్ల యజమానులకు, లారీ యజమానులకు, ఈ రెండు ఊళ్లలో వ్యాపారం చేసుకుంటూ నలుగురి బాగు కోరే పెద్దలందరికీ నమస్కారాలు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేసి రిటైరయ్యాను. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. ఉదయం ఐదున్నరకు మా పేట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. మీలో కొందరి పిల్లలకు నేను డ్రిల్లు మాస్టారిని కూడా. మన ఊళ్లకు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టమని అడగడానికి ఈ ఉత్తరం. రాయడానికి కారణం ఒక రాత్రి. ముందు ఆ రాత్రి సంగతి చెప్పాలి.

2025 జూన్ 24 పోయి 25 వచ్చి అర్ధగంట అయింది. మా మేడ మీద తొమ్మిది మంది పిల్లలు చాప మీద కూర్చున్నారు. నీళ్ల బిందెకు ఆనించిన నా ఫోనులో అమెరికాలోని నాష్‌విల్ నుంచి క్లబ్ ప్రపంచ కప్ మ్యాచ్ వస్తోంది. దేశాల జట్లు కాక క్లబ్బులు ఆడే ప్రపంచ కప్ అది. ఒక వైపు అర్జెంటీనా వాళ్ల బోకా జూనియర్స్, మారడోనా ఆడిన క్లబ్బు. రెండో వైపు న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఆక్లండ్ సిటీ. ఆక్లండ్ అప్పటికే బయర్న్ మ్యూనిక్ చేతిలో 10-0తో, బెన్ఫికా చేతిలో 6-0తో ఓడిపోయి ఉంది. ఈ మ్యాచ్‌లో ఎన్ని గోల్స్ పడతాయో లెక్కపెట్టడానికే పిల్లలు కూర్చున్నారని నాకు తెలుసు. మొదటి సగంలో ఆక్లండ్ గోల్‌కీపర్‌కు తగిలిన బంతి సొంత గోల్‌లోకే వెళ్లింది. బోకాకు ఒకటి.

రెండో సగం మొదలైన కొద్దిసేపటికి ఆక్లండ్‌కు కార్నర్ దొరికింది. గాలిలో తేలి వచ్చిన బంతిని క్రిస్టియన్ గ్రే అనే డిఫెండర్ ఎగిరి తలతో కొట్టాడు. వల కదిలింది. మా మేడ మీద తొమ్మిది గొంతులు ఒక్కసారిగా లేచాయి. కింద వాటాలో నిద్రపోతున్న వాళ్లకు మర్నాడు నేనే వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తరువాత అక్కడ పిడుగుల భయంతో ఆట ఆపేశారు. చాలాసేపు ఖాళీ మైదానాన్నే చూపించారు. తెల్లవారితే బడి ఉన్నా ఒక్క పిల్లవాడు కూడా లేచి ఇంటికి వెళ్లలేదు. మూడు దాటాక ఆట ముగిసింది. 1-1.

ఆ గ్రే అప్పటికి టీచరు ఉద్యోగానికి శిక్షణ పొందుతున్నాడు. ఆ జట్టులో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధన చేసేవాళ్లే. సెలవులు పెట్టుకుని ప్రపంచ కప్‌కు వచ్చారు. ఈ మాట చెప్పగానే, లెఫ్ట్ బ్యాక్ ఆడే పదమూడేళ్ల కుర్రవాడు, వాళ్ల నాన్న మీ ఆటోనగర్‌లోనే వెల్డరు, నన్ను అడిగాడు: "మాస్టారూ, అది వాళ్ల ఊరి క్లబ్బే కదా? మరి మన ఊరి క్లబ్బు ఏది?"

నేను జవాబు చెప్పలేదు. పొద్దుపోయింది, ఇళ్లకు వెళ్లండి అన్నాను. ఆ జవాబు ఇవ్వగలిగిన వాళ్లు మీరేనని ఇన్నాళ్ల ఆలోచన తరువాత తేల్చుకుని ఇది రాస్తున్నాను.

మన దగ్గర జట్లు లేవని కాదు. కాలేజీ జట్లు ఉన్నాయి. రైల్వే వాళ్లు ఆడతారు. జిల్లా పోటీలు ఉన్నాయంటే వారం ముందు పోగై, పోటీలు అయిపోగానే ఎవరి దారిన వాళ్లు పోయే జట్లూ ఉన్నాయి. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు చేరి, అదే రంగు చొక్కా వేసుకుని పెద్దవాడై, ఆట మానేశాక తన కొడుకును వేలు పట్టుకుని అక్కడికే తీసుకొచ్చే చోటు, అదీ క్లబ్బంటే. అటువంటిది ఈ రెండు ఊళ్లలో నా కంట పడలేదు. దేశంలో పై స్థాయి లీగైన ఐ.ఎస్.ఎల్.లో గానీ దాని కింది ఐ-లీగ్‌లో గానీ మన రాష్ట్రం నుంచి ఆడే క్లబ్బు లేదు.

ప్రపంచ కప్ మాట ఎత్తి ఇక్కడి సంగతి చెప్పడం నేల విడిచిన సాముగా అనిపించవచ్చు. అందుకే ఈ పోటీకి దారి ఎలా ఉంటుందో చెబుతాను. క్లబ్ ప్రపంచ కప్ 2000లో బ్రెజిల్‌లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగి 2005 నుంచి మళ్లీ నడిచింది. 2025లో దాన్ని 32 జట్లకు పెంచారు. ఆసియాకు నాలుగు చోట్లు ఇచ్చారు. ఆ నాలుగింటిలో ఒకటైన సౌదీ క్లబ్బు అల్ హిలాల్ మాంచెస్టర్ సిటీని 4-3తో ఇంటికి పంపింది. భారతదేశం నుంచి ఇంతవరకు ఏ క్లబ్బూ అక్కడ కాలు పెట్టలేదు. ఆ మెట్టుకు కిందిది ఆసియా పోటీలు. వాటిలో పై స్థాయి ఛాంపియన్స్ లీగ్ ఎలీట్, తరువాత ఛాంపియన్స్ లీగ్ టూ, ఆ తరువాత ఛాలెంజ్ లీగ్. వాటికి కింద, 2025 నాటి పేర్లతో, మన దేశపు లీగులు: ఐ.ఎస్.ఎల్., ఐ-లీగ్, ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3. అన్నిటికీ అడుగున రాష్ట్ర లీగు. ఐ-లీగ్ గెలిచి 2023లో పంజాబ్ ఎఫ్.సి., 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ పై మెట్టు ఎక్కాయి. అంటే ఆ నిచ్చెన మీద మనుషులు నిజంగానే ఎక్కుతున్నారు. దాని మొదటి మెట్టు ఏదో ఒక ఊళ్లో, ఒక మైదానంలో, సున్నం గీతల పక్కన ఉంటుంది. మన దగ్గర లేనిది ఆ మెట్టే.

మన నేల ఆటగాళ్లను కనలేదా అంటే, కన్నది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి దగ్గరే చదరంగం నేర్చుకుని 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచారు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చారు. గుంటూరు వాడైన కిదాంబి శ్రీకాంత్ 2021 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లారు. ఈ పేర్లు చెప్పుకుని మనం గర్వపడతాం, పడాలి కూడా. కానీ ఈ మూడు ఆటలూ ప్రధానంగా ఒక్కరి సాధన మీద నిలిచేవే. ఒక్క బిడ్డ కోసం తల్లీ తండ్రీ ఎంతకైనా తెగిస్తారు. ఉన్నది అమ్ముకుంటారు, ఊరు మారతారు, తెల్లవారుజామున స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తిప్పుతారు. ఫుట్‌బాల్‌లో ఆ త్యాగం ఒక్కటే చాలదు. నా కొడుకు కోసం నేను ఇల్లు తాకట్టు పెట్టినా, వాడికి బంతి అందించేవాడు, వాడి వెనుక కాపు కాసేవాడు, రోజూ సాధనలో వాడిని ఓడించి ఏడిపించేవాడు నా ఇంట్లో పుట్టడు. పదకొండు మందిని ఏ ఇల్లూ ఒంటరిగా పెంచలేదు. ఊరు పెంచాలి. కుటుంబం మోయగలిగిన ఆటల్లో మనం ప్రపంచం దాకా వెళ్లాం. ఊరు మోయవలసిన ఆట దగ్గర ఆగిపోయాం. ముప్పై ఏళ్లకు పైగా ఈల ఊదిన నాకు అర్థమైనది ఇది.

ఊరు కలిసి మోయడం మీకు కొత్త కాదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు బహుమతులు పెట్టేది మీరే. గుంటూరు పల్లెల్లో నాటక పరిషత్తులు ఇన్ని దశాబ్దాలుగా నడిచాయంటే, వేదిక మీద ఆడిన కళాకారులు ఎంత కారణమో, వెనక నిలబడి చందా పుస్తకం పట్టుకున్న వర్తకులూ అంతే కారణం. పరిషత్తు నడపడం తెలిసిన వాళ్లకు క్లబ్బు నడపడం తెలియదంటే నేను నమ్మను. ఏటా జరపాలి, లెక్క చూపాలి, తీర్పు నిష్పక్షపాతంగా ఉండాలి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టాలి. పద్ధతి ఒకటే.

2024 సెప్టెంబరు మొదటి రోజు మరిచిపోలేను. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా పిల్లల ఇళ్లలోకి నీళ్లు చేరాయి. మా బంతులూ వలలూ కొట్టుకుపోయాయి. ఆ రోజుల్లో ఆటోనగర్ నుంచి ట్రాక్టర్లు వచ్చాయి, గుంటూరు నుంచి అన్నం పొట్లాలు వచ్చాయి. ఎవరు పంపారని అడిగితే పేరు చెప్పకుండా వెళ్లిపోయారు. నీళ్లు తీసిన తరువాత మా పిల్లలు మొదట వెతికింది పుస్తకాలను, రెండోది గోల్ పోస్టులను. పోస్టులు వంగిపోయి దొరికాయి. ఇందాక చెప్పిన వెల్డరు వాటిని తన షెడ్డులో సరిచేసి తెచ్చాడు. ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. కొలత చెబితే అంగుళం తేడా లేకుండా అతికించాడు. కూలి తీసుకోమంటే, "మా వాడు కూడా అందులోనే కొట్టాలి కదా మాస్టారూ" అన్నాడు.

శ్రీనగర్‌లో కూడా ఒక వరద ఇలాగే వచ్చింది, 2014లో. ఆ తరువాత పనీ పాటా లేక తిరుగుతున్న కుర్రవాళ్లకు బంతులు పంచడంతో ఇద్దరు మిత్రులు మొదలుపెట్టారు. ఒకరు పత్రికా సంపాదకులు, ఇంకొకరు హోటల్ వ్యాపారి. 2016లో అది రియల్ కాశ్మీర్ అనే క్లబ్బయింది. రెండేళ్లకు ఐ-లీగ్‌కు చేరింది. కేరళలో గోకులం క్లబ్బు 2017లో పుట్టింది. వెనక ఉన్నది చిట్‌ఫండ్ వ్యాపారం. చిట్టీల ఊళ్లలో ఉన్న మనకు అది ఎంత దగ్గరి మాటో! నాలుగైదేళ్లలో వరుసగా రెండు సార్లు ఐ-లీగ్ గెలిచి, 2022 మేలో ఆసియా పోటీలో కోల్‌కతాలోనే ఏటీకే మోహన్ బగాన్‌ను 4-2తో ఓడించింది. మిజోరంలో ఐజ్వాల్ అనే కొండ ఊరి క్లబ్బు 2017లో దేశమంతటినీ కాదని ఐ-లీగ్ ఎత్తుకుపోయింది. 2011 లెక్కల ప్రకారం ఆ ఊరి జనాభా మూడు లక్షలు కూడా లేదు.

ఇంకా దగ్గరగా చూడండి. భూటాన్ దేశం మొత్తం జనాభా మన విజయవాడ ఒక్కదాని కంటే తక్కువ. 2024లో ఆసియా ఛాలెంజ్ లీగ్‌లో ఒక గ్రూపు పోటీలు థింపూలో జరిగాయి. ఆతిథ్యం ఇచ్చింది భూటాన్ క్లబ్బు పారో ఎఫ్.సి. మన ఈస్ట్ బెంగాల్, బంగ్లాదేశ్ నుంచి బసుంధరా కింగ్స్, లెబనాన్ నుంచి నెజ్మే అక్కడికి వెళ్లి ఆడాయి. నూరేళ్ల చరిత్ర ఉన్న ఈస్ట్ బెంగాల్‌ను పారో 2-2తో నిలబెట్టింది. వాళ్లకు మన కంటే జనం ఎక్కువ లేరు, డబ్బు ఎక్కువ లేదు, నేల చదునుగా కూడా లేదు. క్లబ్బు ఉంది.

గుంటూరు పెద్దలూ, మీ తేజ మిర్చి టిక్కీలు చైనా వెళతాయి, బంగ్లాదేశ్ వెళతాయి, థాయ్‌లాండ్ వెళతాయి. రంగు, ఘాటు, తేమ పరీక్షించి, ఎగుమతికి తగిన సరుకును మీరు చేతితో పట్టుకుని చెప్పేస్తారు. ఆ దేశాల నుంచే ఆసియా పోటీలకు క్లబ్బులు వస్తాయి. సరుకు నాణ్యత విత్తనం దగ్గర మొదలవుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. మా విత్తనం ఎక్కడ చెడుతోందో మాత్రం చెప్పాలి.

పదో తరగతి తరువాత చెడుతోంది. రాష్ట్రం నలుమూలల పిల్లలు ఇంటర్ చదవడానికి వచ్చే ఊళ్లు మనవి. ఉదయం ఐదింటి నుంచి రాత్రి పది దాకా చదువు. అద్దె భవనాలు, నాలుగో అంతస్తులో తరగతి గది, కిటికీలోంచి చూస్తే ఇంకో భవనం. నేను పదేళ్ల వయసు నుంచి పెంచిన కుర్రవాడు పదిహేనో ఏట అక్కడ చేరతాడు. రెండేళ్ల తరువాత బయటికి వస్తాడు. కాళ్లలో చురుకు ఉండదు, భుజాలు వంగి ఉంటాయి. ఆటగాడు తయారవడానికి ఆ రెండేళ్లు ఎంతో ముఖ్యం. నేను చదువుకు వ్యతిరేకిని కాదు. నా కూతురు కూడా అలాగే చదివి ఉద్యోగం చేస్తోంది. కానీ వారానికి నాలుగు రోజులు, రోజుకు గంటన్నర, ఒక క్లబ్బు బాధ్యతగా పిలిస్తే తల్లిదండ్రులు పంపుతారు. ఒంటరి మాస్టారు పిలిస్తే పంపరు. నేను పిలిచి చూశాను.

మంగళగిరి దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చేది. గోల్‌కీపర్. చేతులు అంత పొడవు కాదు. కానీ బంతి ఎటు వస్తుందో కొట్టేవాడి కాలి కంటే ముందు ఆమెకే తెలిసేది. పద్నాలుగేళ్ల వయసులో మగపిల్లల పెనాల్టీలు వరుసగా మూడు ఆపింది. పదో తరగతి అయ్యాక ఒక కాలేజీ వాళ్లు, పేరు చెప్పను, ఫీజు తగ్గిస్తామన్నారు. షరతు ఏమిటంటే సెలవు అడగకూడదు. ఆమె ఇంట్లో వాళ్లను నేను ఏమని తప్పుపట్టను? నా దగ్గర ఆమెకు చూపించడానికి రేపటి ఆట లేదు. వెళ్లేముందు తన చేతి తొడుగులు ఉతికి ఆరబెట్టి, చిన్న పిల్లలకు పనికొస్తాయని నాకు ఇచ్చి వెళ్లింది. అవి ఇప్పటికీ మా సంచిలో ఉన్నాయి.

అమ్మాయిల సంగతి కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి. 2025 నవంబరులో చైనాలోని వుహాన్‌లో, ఆసియా మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో, ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఇరాన్ క్లబ్బు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించారు. ఆ క్లబ్బులో పేరు తెచ్చుకున్న గుగులోతు సౌమ్య నిజామాబాద్ జిల్లా బిడ్డ. తెలుగు నేల మీద పుట్టిన ఆమె ఆడడానికి కోల్‌కతా వెళ్లవలసి వచ్చింది. మన దగ్గర ఉండి ఉంటే అన్నమాట పక్కన పెట్టండి. ఉండడానికి మన దగ్గర ఏముంది?

క్లబ్బు పెడితే చాలదు, దాన్ని నడిపే పెద్దల తీరు కూడా ముఖ్యమేనని 2022 చెప్పింది. గోకులం అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీ ఆడడానికి ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ వెళ్లారు. విమానం దిగారు. సరిగ్గా ఆ సమయంలో, జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహణలో బయటివాళ్ల జోక్యం ఉందంటూ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసింది. పదకొండు రోజుల్లో ఎత్తివేసింది కూడా. ఈలోగా ఆ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగి వచ్చారు. దేశ ఛాంపియన్లు, ఏడాది కష్టం, ఏ తప్పూ చేయని వాళ్లు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కుర్చీల కోసం పెద్దలు పడే తగువుకు మూల్యం ఎప్పుడూ గీత లోపల ఉన్న పిల్లలే చెల్లిస్తారు. మీరు క్లబ్బు పెట్టేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని నియమావళి రాయండి.

అందుకే ఒక పెద్ద సంస్థ వచ్చి ఫ్రాంచైజీ కొనుక్కుంటే బాగుండునని మీలో కొందరు అంటే నేను ఒప్పుకోను. మన పక్కనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ అంటే ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్‌కు గుండెకాయ. బడి పంతులుగా పని చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది. అంతటి ఊళ్లో కొత్తగా వచ్చిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఐ.ఎస్.ఎల్. గెలిచింది. నాలుగేళ్లు తిరగకుండా యజమాని మారి, ఊరు మారి, పేరు మారి ఢిల్లీ వెళ్లిపోయింది. చొక్కా కొనుక్కున్న పిల్లవాడిని ఎవరూ అడగలేదు. ఒకరి సొత్తయిన క్లబ్బును ఆ ఒక్కరు ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఊరందరి సొత్తయితే ఎవరు తీసుకుపోతారు? ఆ రాత్రి ఆక్లండ్‌తో ఆడిన బోకా జూనియర్స్ సభ్యుల క్లబ్బు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా సభ్యుల క్లబ్బులు. అధ్యక్షుడిని సభ్యులే ఎన్నుకుంటారు. అదే ప్రపంచ కప్‌లో సెమీఫైనల్ దాకా వచ్చిన బ్రెజిల్ ఫ్లుమినెన్స్ కూడా అప్పటికి అంతే.

నేను అడిగేది ఇది. మీలో ఏడుగురు సంతకం పెడితే మన రాష్ట్ర 2001 సొసైటీల చట్టం కింద ఒక సంఘం రిజిస్టరవుతుంది. అటు నలుగురు, ఇటు ముగ్గురు. లేదా ఇటు నలుగురు, అటు ముగ్గురు. ఏడాదికి ఐదు వందలు చందా పెట్టండి, మిర్చి బస్తా మోసే హమాలీ కూడా కట్టగలిగేలా. చందా కట్టిన ప్రతి ఒక్కరికీ ఒక్కటే ఓటు. లక్ష ఇచ్చినవారికీ ఒక్కటే. మీ పేరు చొక్కా మీద వేసుకోండి, సంతోషం. కానీ జట్టును ఎంచేది కోచ్. మీ తమ్ముడి కొడుకు బాగా ఆడితే ఆడతాడు. ఏటా ఉగాదికి లెక్కలన్నీ మైదానం గోడ మీద అతికించండి. మీలో పెద్ద కంపెనీలు ఉన్నవారికి ఇంకో మాట: కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద లాభాల్లోంచి తీయవలసిన రెండు శాతంలో ఆటల శిక్షణకు ఖర్చు పెట్టడానికి వీలుంది.

మైదానం కావాలి. నిండు కొలత నూట ఐదు మీటర్ల పొడవు, అరవై ఎనిమిది మీటర్ల వెడల్పు. కొనమని అడగడం లేదు. రెండు ఊళ్ల మధ్య తాళాలు వేసి ఉంచిన కాలేజీ మైదానాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ట్రస్టుల్లో మీరే ధర్మకర్తలు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, పదేళ్లకు రాతపూర్వకంగా ఇప్పించండి. నోటిమాట వద్దు. పెళ్లిళ్ల సీజను రాగానే గోల్ పోస్టుల మధ్య వంట గాడిపొయ్యి తవ్విన మైదానాలు నేను చూశాను.

కోచ్‌లకు జీతం ఇవ్వండి, ఒకటో తారీఖున ఇవ్వండి. మొదట ఇద్దరు చాలు, సమాఖ్య లైసెన్సు ఉన్నవాళ్లు, అందులో ఒకరు మహిళ. పదమూడు, పదిహేను, పదిహేడేళ్ల లోపు జట్లు, మగపిల్లలకు ఎన్నో ఆడపిల్లలకు అన్నే. పెద్దల జట్టు ఐదేళ్ల తరువాత వచ్చినా ఫరవాలేదు. ఆసియా సమాఖ్య ఏ క్లబ్బుకైనా లైసెన్సు ఇచ్చేముందు ఆటా, మైదానం, సిబ్బంది, చట్టబద్ధత, ఆర్థిక లెక్కలూ అన్నీ చూస్తుంది. పిల్లల జట్లు ఉన్నాయా అని అడుగుతుంది. మనం అడుగు నుంచే ఆ పద్ధతిలో కడితే పైకి వెళ్లినప్పుడు కూల్చి కట్టుకోనక్కరలేదు. లారీ యజమానులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. అనంతపురం దాకా పోటీకి వెళ్లాలంటే మా పిల్లలు జనరల్ బోగీలో నిలబడి వెళ్లి, దిగిన రోజే ఆడతారు. ఒక్క బండి ఇవ్వండి. అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లలకు ఎటువంటి మైదానాలు కట్టిందో ఆ బండిలోనే మీరూ వచ్చి చూడవచ్చు.

క్లబ్బు పేరు విజయవాడదా, గుంటూరుదా అన్న తగువు వస్తుందని నాకు తెలుసు. మధ్య దూరం ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. పొద్దున్న రైలెక్కి వెళ్లి రాత్రికి తిరిగి వచ్చే ఉద్యోగులు వేలమంది. రెండు వేర్వేరు క్లబ్బులు నిలబెట్టగలిగితే ఇంకా మంచిది, ప్రతి సంక్రాంతికీ ఒకదానితో ఒకటి ఆడతాయి. లేదంటే ఒక్కటే పెట్టి సగం మ్యాచ్‌లు అటు, సగం ఇటు ఆడించండి. పేరు మీద పట్టుబట్టి పని ఆపకండి, అంతే నా కోరిక.

క్రికెట్ ఉండగా దీన్ని చూసేవాళ్లు ఎవరని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. క్రికెట్ మీద నాకు కోపం లేదు, నేనూ చూస్తాను. ఆ రాత్రి మా మేడ మీద ఉన్న తొమ్మిది మందిలో ఒక్కరికీ న్యూజిలాండ్ ఎక్కడుందో తెలియదు. అయినా ఆ ఊరి జట్టు కోసం తెల్లవారుజాము దాకా మేలుకున్నారు. తమ ఊరి పేరు చొక్కా మీద ఉంటే మేలుకోరా?

పది గోల్స్‌తో ఓడిపోతే పరువు పోదా అని ఇంకొకరు అన్నారు. ఆక్లండ్ సిటీ 2004లో పుట్టిన క్లబ్బు. వాళ్ల మైదానం ఒక మామూలు వీధిలో, ఇళ్ల మధ్య ఉంటుంది. 2014 క్లబ్ ప్రపంచ కప్‌లో మెక్సికో క్లబ్బు క్రూజ్ అజూల్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చుకున్నారు. 2025లో బయర్న్ చేతిలో పది గోల్స్ తిన్నారు. తొమ్మిది రోజుల తరువాత అదే మనుషులు బోకాను ఆపారు. ఆ ఒక్క డ్రాకు ఫిఫా ఇచ్చింది పది లక్షల డాలర్లు. పాల్గొన్నందుకు వచ్చిన ముప్పై అయిదు లక్షల పైచిలుకు డాలర్లకు అది అదనం. వ్యాపారులు కాబట్టి ఈ లెక్క కూడా మీ ముందు పెడుతున్నాను. మనకు అటువంటి సొమ్ము రేపో ఎల్లుండో వస్తుందని మాత్రం చెప్పను. నా జీవితకాలంలో ఈ క్లబ్బు ఐ-లీగ్ 3 ఆడితే నాకు చాలు.

నాకు అరవై నాలుగేళ్లు. మోకాళ్లు అరిగాయి. ఇంకో నాలుగైదేళ్లు ఈల ఊదగలను. నేను పోయాక ఈ పిల్లలకు ఐదున్నరకు తలుపు తట్టేవాళ్లు ఎవరన్నది నన్ను రాత్రుళ్లు నిద్ర పోనివ్వడం లేదు. మనిషి మీద ఆధారపడిన శిక్షణ మనిషితోనే పోతుంది. దాన్ని ఒక సంఘం చేతిలో పెట్టి వెళ్లాలని నా ఆశ.

యార్డుకు ఆదివారం సెలవు, ఆటోనగర్‌లో కూడా చాలా షెడ్లు మూసి ఉంటాయి. ఏ ఆదివారమైనా ఉదయం ఆరింటికి సింగ్‌నగర్ వచ్చి ఫుట్‌బాల్ మాస్టారు ఎక్కడ అని అడిగితే పిల్లలే తీసుకొస్తారు. గంటసేపు ఆట చూడండి. ఆ లెఫ్ట్ బ్యాక్ కుర్రవాడు మీ దగ్గరికి వచ్చి నన్ను అడిగిన ప్రశ్నే అడుగుతాడు. అడగమని వాడికి నేనే చెప్పాను.

ఇట్లు,
సింగ్‌నగర్ నుంచి,
మీ డ్రిల్లు మాస్టారు